మడత బోనుల్లో పిల్ల పీతలే పడుతున్నాయి: ఊరంతా ఒప్పుకునే నియమం ఏది పెట్టాలి?

మడకుర్రోడు (తాళ్ళరేవు మండలం) – ఆదివారం రాత్రి 8:52

అందరికీ నమస్కారమండి. మాది కోరంగి మడ అడవిని ఆనుకుని ఉన్న ఊరు. ఊరి పేరు రాయట్లేదు, ఇక్కడ చదివేవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. నాన్న, చిన్నాన్న, నేను ముగ్గురం మండ పీతల వేట మీదే బతుకుతున్నాం. నాన్న వయసులో ఉన్నప్పుడు రింగు వలలే. ఇనప రింగుకి వల బిగించి, మధ్యలో జెల్ల తలకాయ ఎరగా కట్టి, పడవలోనే కూర్చుని కాసేపటికోసారి ఎత్తి చూసుకునేవారు. ఇప్పుడు ఊరంతా మడత బోనులే, అంటే మడిచి పెట్టుకునే వల బోనులు. పోటు మొదలయ్యేటప్పుడు కాలువలో దింపేసి ఇంటికొచ్చేయొచ్చు, పాటు తీశాక, అంటే నీరు వెనక్కి తగ్గాక వెళ్ళి ఎత్తుకోవచ్చు. సుఖంగా ఉంది కాబట్టి ఇరవై బోనులున్న పడవలో ఇప్పుడు అరవై ఉంటున్నాయి.

ఇబ్బంది ఏంటంటే కాంటా (పీతలు తూచి కొనే చోటు) దగ్గర పెద్ద సైజు కనపడటం మానేసింది. అరచేతిలో పట్టే పీతలు బుట్టల కొద్దీ వస్తున్నాయి. అవీ అమ్ముడుపోతున్నాయి కాబట్టి ఎవరూ వదలరు. వచ్చే అష్టమికి పోట్లు చప్పగా ఉంటాయి, అందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు, ఆ రోజు కూర్చుందామని పెద్దలు అన్నారు. గుడ్డు పీతని వదిలేయాలని ఒకరు, రెండు నెలలు వేట ఆపాలని ఒకరు, బోనులు తగ్గించాలని ఇంకొకరు, తలో మాట. అన్నీ ఒకేసారి నెత్తినెడితే వారం కూడా నిలవదు. ఒకటో రెండో పెట్టాలంటే ఏవి పెట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత తెడ్డు (యానాం) – ఆదివారం రాత్రి 9:30

రింగు వల ఉన్నన్నాళ్ళూ ఈ గొడవ లేదు బాబూ. పడవలో మనిషి ఉంటాడు, పిల్ల పీత వస్తే అక్కడే విదిలించేస్తాడు. బోను దగ్గర మనిషి ఉండడు, దొరికిందల్లా లోపలే.

ఇంకో సంగతి ఎవడూ మాట్లాడడు. గోదారికి ఎర్ర నీరు వచ్చినప్పుడు కొట్టుకుపోయిన బోనులు ఏమవుతున్నాయి? పొన్న వేళ్ళలో ఇరుక్కుని అక్కడే ఉంటాయి. అందులో పడ్డ పీత చచ్చి ఇంకో పీతకి ఎర అవుతుంది. అదీ చస్తే మరొకటి. నైలాన్ పుచ్చదు కదా, ఏళ్ళ తరబడి అదే పని. అలాంటి బోనులో నీటికుక్క పిల్ల చచ్చి ఉండటం కూడా చూశాను.

ముందు కాలువలన్నీ వెతికి అవి తీయించండి. ఎవడి కూడూ చెడకుండా చేసే పని అదొక్కటే.

కాంటా మనిషి – ఆదివారం రాత్రి 10:15

తిట్టుకోకండి, నేను కొనేవాణ్ణే.

ఎప్పుడు మాట వచ్చినా "కాంటా వాళ్ళు చిన్నవి కొంటున్నారు" అంటారు. నేను వద్దంటే అదే బుట్ట అరగంటలో ఇంకో కాంటా మీద ఉంటుంది. పైగా అవి మా దగ్గర అడ్వాన్సు తీసుకున్న పడవలు. తెచ్చింది కొనకపోతే నా బాకీ ఎట్టా తీరుతుంది? పెద్ద పీతనైతే ప్రాణంతో కట్టి చెన్నై పంపుతాం, అక్కడి నుంచి సింగపూరు, చైనా విమానం ఎక్కుతుంది. డెక్కలు (ముందు కొండీలు) రెండూ ఉండాలి, డిప్ప (పై పెంకు) గట్టిగా ఉండాలి, కండ ఉండాలి. సైజు తగ్గితే కిలో రేటే సగానికి పడిపోతుంది, మాకూ ఏం లాభం లేదు. బాగా చిన్నవి ఎగుమతికి పోవు, చెరువులోళ్ళు పట్టుకుపోతారు. వాళ్ళు ఆపితే గిరాకీ ఆగుతుంది. వాళ్ళని అడగండి ముందు.

చెరువుగట్టు (నాగాయలంక) – సోమవారం ఉదయం 6:10

రాత్రి పడుకునే ముందే అనుకున్నా, తిరిగి తిరిగి మా మీదికే వస్తుందని.

సరే, చెరువు వేసేవాడి లెక్క చెప్తా. ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) వాళ్ళ రాజీవ్ గాంధీ సెంటర్ ఫర్ ఆక్వాకల్చర్‌కి తమిళనాడు తొడువాయిలో మండ పీతల హేచరీ ఉంది. అక్కడి పిల్లకి ముందే బుక్ చేసుకోవాలి. వచ్చేది వేలి గోరంత ఉంటుంది. దాన్ని నర్సరీలో పెంచాలి, ఒకదాన్నొకటి తినకుండా గూళ్ళు పెట్టాలి, ఆ తర్వాతే చెరువు. అదే అడవి పిల్లయితే వంద గ్రాములది దొరుకుతుంది, నాలుగైదు నెలల్లో పట్టేయొచ్చు. చేతిలో డబ్బులు తక్కువున్నవాడు దేనికి పోతాడో మీరే చెప్పండి.

కానీ అడవి పిల్లతో మేం పడే నష్టం కూడా తక్కువేం కాదు. రెండు రకాలు కలిసిపోయి వస్తాయి. ఎర్ర డెక్క రకం ఎంత మేత వేసినా పెద్దగా ఎదగదు. గట్టుకి బొరియలు పెడుతుంది, ఇంకో పీతని తింటుంది. బుట్టలో సగం అదే ఉంటే పెట్టుబడి మునిగినట్టే. నా వరకు నేను హేచరీ పిల్లకి మారిపోదామనే చూస్తున్నా. మీ ఊరోళ్ళు ఇంత సైజు లోపు అమ్మం అని గట్టిగా అనుకుంటే మావాళ్ళు పోట్లాడేదేం లేదు.

కాంటా మనిషి – సోమవారం ఉదయం 7:02

పోట్లాడరు. పక్క ఊరి నుంచి తెప్పించుకుంటారు.

ఫిషరీస్ అక్క (ముత్తుకూరులో చదివాను, ఇప్పుడు వేరే ఉద్యోగం) – సోమవారం మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు "గుడ్డు పీతని వదిలేద్దాం" అన్నవాళ్ళ మాట. వినడానికి చాలా బాగుంటుంది, కానీ మీ కాలువల్లో దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు. కడుపు కింద గుడ్లు మోసే మండ పీత మడ కాలువలో దాదాపు దొరకదు. ఆడ పీత కాలువలోనే జతకడుతుంది, లోపల గుడ్డు తయారవుతుంటే మొగ (నీళ్ళు సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకి పోతుంది, గుడ్లు బయటికి పెట్టేది అక్కడే. లక్షల్లో ఉంటాయి గుడ్లు. పది పన్నెండు రోజుల్లో పొదుగుతాయి. ఆ పిల్లలకి సముద్రపు ఉప్పు కావాలి, కొంత ఎదిగాకే తిరిగి మడ వైపు వస్తాయి. కాబట్టి బయట గుడ్డున్న పీత తగిలేది సముద్రంలో వేటాడే వలలకి. మీ బోనుల్లో పడేది లోపల గుడ్డున్న ఆడ పీత, అంటే సముద్రానికి బయల్దేరబోయేది. దానికేమో మార్కెట్లో అందరికంటే ఎక్కువ ధర. అది వదలమంటే ఎవరు వదులుతారు? మీ మీటింగులో అసలు గొడవ ఇక్కడే వస్తుంది, ముందే తెలుసుకుని కూర్చోండి.

రెండోది సైజు. అందరికీ ఒకే గ్రాముల లెక్క పెడితే తప్పుతుంది. చెరువుగట్టు గారు చెప్పిన రెండు రకాలూ మీ బుట్టలోనే ఉన్నాయి. పీతని తిప్పి డెక్క మణికట్టు బయటి వైపు చూడు. రెండు వాడి ముళ్ళు పక్కపక్కనే ఉండి, కాళ్ళన్నిటి మీదా జల్లెడ లాంటి గళ్ళు కనిపిస్తే అది పెద్ద రకం, సెర్రాటా. ముల్లు ఒక్కటే ఉండి అదీ మొద్దుబారి, డెక్క నారింజ ఎరుపులో ఉండి, కాళ్ళ మీద గళ్ళు లేకపోతే ఒలివేసియా. పావు కిలో ఒలివేసియా పెళ్ళీడు దాటిన పీత. పావు కిలో సెర్రాటా ఇంకా పిల్ల. ఆడదైతే ఇంకా తేలిక: కడుపు కింద రేకు చూడు. పిల్లదానికి ఆ రేకు సన్నగా, కోసుగా, పాలిపోయి ఉంటుంది. ఈడొచ్చిన పీతకి గుండ్రంగా వెడల్పై నల్లబడి, అంచున నూగు ఉంటుంది. కోసు రేకు ఆడ పీతని కాంటా ఎక్కించకూడదు అనే నియమం చదువు రానివాళ్ళు కూడా పాటించగలరు, త్రాసు అక్కర్లేదు.

మూడోది, నేను మొదట పెట్టమనేది: బోనుకి తప్పించుకునే కిటికీ. పిల్ల పీత పడ్డాక వదలమని మనిషికి చెప్పేకన్నా, బోనులోంచి అదే పోయేలా చేస్తే గొడవే ఉండదు. పీత పక్కకి నడుస్తుంది కదా, అందుకని డిప్ప అడ్డం వెడల్పుతో పని లేదు. ముందు నుంచి వెనక్కి ఎంత పొడవుంది, డిప్ప మందం ఎంత, ఈ రెండే కొలతలు. మీరు వద్దనుకునే సైజులో పెద్ద పీతని తీసుకుని కొలిచి, దానికంటే చిటికెడు ఎక్కువగా పలక లాంటి కిటికీ చేయండి. వల కోసి వదిలేస్తే కాళ్ళు చిక్కుకుంటాయి, ప్లాస్టిక్ పట్టీ గానీ తుప్పు పట్టని తీగ గానీ చట్రంగా కట్టాలి. బోనుకి అడుగునే, ఎదురెదురుగా రెండు. పైన పెడితే పీతకి దొరకదు, అది నేల పట్టుకునే తిరుగుతుంది.

దీనివల్ల మీకూ లాభముంది. బోనులో పిల్లలు తగ్గితే ఎర మిగులుతుంది, కొట్లాటలు తగ్గుతాయి, పెద్ద పీతకి డెక్కలు రెండూ ఉంటాయి. డెక్క విరిగితే రేటెంత పోతుందో కాంటా అన్నకే తెలుసు.

కాంటా మనిషి – సోమవారం మధ్యాహ్నం 2:05

ఒక డెక్క పోతే ఎగుమతి గ్రేడ్‌లోంచి తీసేస్తారు అక్కా. లోకల్ రేటే. ఈ ముక్క మాత్రం ఒప్పుకుంటా.

నీటిపిల్లి – సోమవారం మధ్యాహ్నం 2:20

లోపల గుడ్డున్న పీత ఇగురు, వేడన్నం... మీరంతా ఇలా రాస్తుంటే ఆఫీసులో ఎలా కూర్చోమంటారు.

నిర్వాహకుడు – సోమవారం మధ్యాహ్నం 2:31

నీటిపిల్లి గారూ, వంటల విభాగం కింద ఉంది.

బ్రిస్బేన్ బావ – సోమవారం సాయంత్రం 4:48

కాకినాడ వాణ్ణే, ఉద్యోగం వల్ల క్వీన్స్‌లాండ్‌లో పడ్డాను. ఇక్కడ మన మండ పీతే, అదే సెర్రాటా. సరదాగా పట్టుకునే నాలాంటివాళ్ళకి కూడా నియమాలు గట్టిగా ఉంటాయి. ఆడ పీత ఏ సైజైనా వదిలేయాలి. మగది డిప్ప అడ్డంగా 15 సెంటీమీటర్లు ఉంటేనే మనది. మనిషికి నాలుగు బోనులు, ఒక్కో బోనుకి పేరు, అడ్రసు ఉన్న ట్యాగు ఉండాలి. పడవలో కొలబద్ద లేకుండా ఎవరూ వెళ్ళరు, పట్టుబడితే జరిమానా మామూలుగా ఉండదు. అయినా పీతలు చక్కగా దొరుకుతున్నాయి. మనవాళ్ళూ ఆడ పీతలు మొత్తం వదిలేస్తే సరి.

పాత తెడ్డు – సోమవారం సాయంత్రం 6:15

బావగారూ, మీకు పీత దొరక్కపోతే ఆ రాత్రి ఇంకో కూర తింటారు. వీళ్ళ ఇంట్లో పీత దొరక్కపోతే పొయ్యి వెలగదు. బుట్టలో సగం ఆడవే ఉంటాయి, సగం పారబోయమంటే అవుతుందా? పైగా మీకు జరిమానా వేసేవాడున్నాడు, ఇక్కడ ఎవడు?

ట్యాగు మాట మాత్రం బాగుంది. ఎవడి బోను ఎక్కడ పారేశాడో తెలుస్తుంది.

బ్రిస్బేన్ బావ – సోమవారం సాయంత్రం 6:40

నిజమే బాబాయ్. ట్యాగు వరకు తీసుకోండి.

పోయిన బోనుల గురించి కూడా ఒకటి గుర్తొచ్చింది. అమెరికాలో చెసపీక్ బే అని నీలం పీతలకి పేరున్న చోటు ఉంది. వర్జీనియా వాళ్ళు 2008 నుంచి కొన్నేళ్ళపాటు చలికాలంలో వేట లేని రోజుల్లో జాలర్లకే కూలిచ్చి పాత బోనులు ఏరించారు. 34 వేలకు పైగా బయటికొచ్చాయి. అంటే నీళ్ళలో ఎన్ని ఉంటాయో ఆలోచించండి. వాళ్ళ బోనులకి పిల్ల పీతలు పోయే రింగులు తప్పనిసరి.

కొల్లంలో తెలుగమ్మాయి – సోమవారం రాత్రి 9:05

జరిమానా వేసేవాడు లేకపోయినా నడిచింది ఒకటి మన దేశంలోనే ఉంది. మేముండే కొల్లం పక్కన అష్టముడి సరస్సు. పీతలు కావు, ఆల్చిప్పలు. నీళ్ళలో దిగి చేత్తో ఏరేవాళ్ళు, చిన్న పడవలవాళ్ళు, అంతా బీదవాళ్ళే. ఎగుమతి గిరాకీ పెరిగి 1990ల మొదట్లో దిగుబడి పడిపోయింది. అప్పుడు సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తల సలహాతో డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఏరడం ఆపారు, వల కన్నం సైజు పెట్టారు. ఎగుమతికి పోయే మాంసంలో కిలోకి 1400 ముక్కలకంటే ఎక్కువ తూగకూడదన్నారు. అంటే పిల్ల ఆల్చిప్పని పట్టినా ఎగుమతిదారు తీసుకోడు. 2014లో మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ సర్టిఫికెట్ (సరుకు తరిగిపోకుండా పడుతున్నారని ఇచ్చేది) వచ్చింది, మన దేశంలో అదే మొదటిది.

నాకు అర్థమైంది ఏంటంటే, నీళ్ళలో ఎవరేం పడుతున్నారో కాపలా కాయడం ఎవరి వల్లా కాదు. కానీ సరుకంతా పది పన్నెండు మంది కొనేవాళ్ళ చేతుల మీదుగానే పోతుంది. కాపలా అక్కడ కాయాలి. మీ దగ్గర కాంటాలు ఎన్ని?

మడకుర్రోడు – సోమవారం రాత్రి 10:30

అక్కా, బాబాయ్, అందరికీ థాంక్సండి. మా ఊళ్ళో రెండు కాంటాలు, రోడ్డు మీద ఒకటి, యానాం పోతే ఇంకొన్ని. మూడిటిని ఒప్పించడం కష్టం కాదు, యానాం మాత్రం మా చేతిలో లేదు.

నాన్నకి కిటికీ విషయం చెప్పాను. ముందు నవ్వారు. తర్వాత బోను తిప్పి తిప్పి చూసి "పెద్ద పీత కూడా కాళ్ళు ముడుచుకుని పోదా?" అన్నారు. పోతుందా అక్కా?

ఇంకో అనుమానం. వాటర్ పీతల సంగతేంటి? కుబుసం విడిచి నీళ్ళ మాదిరి ఉన్నవి కూడా చాలా పడుతున్నాయి. కాంటాలో మూడో వంతు రేటు కూడా ఇవ్వరు. చిన్నాన్న వాటిని వదిలేద్దామంటారు, నేను వదిలితే వెనకొచ్చే పడవకి పడుతుంది కదా అని మా అన్నయ్య.

ఫిషరీస్ అక్క – సోమవారం రాత్రి 11:10

డిప్ప ముడుచుకోదు తమ్ముడూ. కాళ్ళు ఎంత దగ్గరికి లాక్కున్నా డిప్ప పొడవు, మందం మారవు. నాన్నగారికి నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. సగం బోనులకి కిటికీలు పెట్టి, సగం మామూలుగా ఉంచి, ఒకే కాలువలో ఒకటి విడిచి ఒకటి వేయండి. ఎత్తేటప్పుడు రెండు బుట్టల్లో వేరుగా పోసి తూయండి. నేను ఎంత రాసినా ఆ తూకం చెప్పినంత చెప్పదు.

వాటర్ పీత గురించి. అన్నయ్య మాటలో తప్పు లేదు, ఒంటరిగా వదిలితే లాభం వెనక పడవదే. అందుకే దాన్ని వదలకుండా, అమ్మకుండా కండ పట్టే దాకా ఉంచుకోవడం మేలు. గూడు గూడుకీ ఒక పీతని పెట్టి, కాలువలో తేలే పెట్టెల్లో చిల్లర చేపలు మేతగా వేస్తే మూడు నాలుగు వారాల్లో గట్టిపడుతుంది. పట్టే పీతల సంఖ్య పెంచకుండా రాబడి పెంచే దారి ఇదే. బోనులు తగ్గించమని అడగాలంటే చేతిలో ఇలాంటిది ఏదో ఒకటి ఉండాలి.

చెరువుగట్టు – మంగళవారం ఉదయం 5:55

పెట్టెల పని నేను చేశాను, కష్టాలు కూడా చెప్పాలి. దొంగతనం ఒకటి. రాత్రి కాపలా లేకపోతే పెట్టెతో సహా పోతుంది. రెండోది గోదారి వరద. ఎర్ర నీరు దిగినప్పుడు ఉప్పు ఒక్కసారి పడిపోతే మేత ముట్టవు, చచ్చిపోతాయి కూడా. ఆ నెలల్లో పెట్టుకోకండి. కాలువ అభయారణ్యం లోపలుంటే ఫారెస్టు వాళ్ళ మాట తీసుకోకుండా గుంజ కూడా పాతకండి.

కన్నం కొక్కెం (మచిలీపట్నం దగ్గర) – మంగళవారం ఉదయం 11:20

రెండ్రోజుల నుంచి చదువుతున్నా. మేం యానాదులం. మాకు పడవ లేదు, బోను లేదు. పాటు తీశాక మడలో నడిచి, బొరియ ముందు మట్టి చూసి, కొక్కెం వేసి తీస్తాం. మట్టి తడిగా కొత్తగా ఉంటే లోపల ఉన్నట్టు, నాచు పట్టి ఉంటే ఖాళీ. మేం రోజుకి పట్టేది ఒక బోనుల పడవ పట్టేదాంట్లో ఏ మూలకీ రాదు.

మీరు మీటింగులో సైజు పెడతారు, కాంటా వాడు ఆ మాట మీద మా బుట్ట వెనక్కి పంపుతాడు. బోనులోంచి పిల్ల పీత కిటికీ గుండా పోతుంది సరే. బొరియలో చెయ్యి పెట్టినవాడికి ఏది వస్తే అది. మీ ఊళ్ళో కూడా మావాళ్ళు ఉంటారు, వాళ్ళని పిలిచారా?

మడకుర్రోడు – మంగళవారం మధ్యాహ్నం 12:45

పిలవలేదన్నా. కాలువ అవతల కొన్ని ఇళ్ళున్నాయి. మా చిన్నాన్నకి వాళ్ళతో పరిచయముంది, ఈ సాయంత్రం వెళ్ళి చెప్పమంటాను.

పాత తెడ్డు – మంగళవారం మధ్యాహ్నం 3:30

ఇది సరైన మాట. చేత్తో పట్టేవాడు పిల్ల పీతని అక్కడికక్కడే తిరిగి బొరియలో వదలగలడు, దానికి దెబ్బ కూడా తగలదు. వాళ్ళకి కావలసింది పెద్ద పీతకి సరైన రేటు. అది ఇస్తే చిన్నది వాళ్ళే వదులుతారు.

వేట ఆపే మాట ఎవరూ తేల్చలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మర పడవలకి, ఇంజను పడవలకి నిషేధం ఉంది, దానికి ప్రభుత్వం సాయం కూడా ఇస్తుంది. కాలువలో తెడ్డేసుకునేవాడికి ఆ నిషేధమూ లేదు, ఆ డబ్బూ లేదు. పైగా సముద్రం మీదికి పోలేనివాళ్ళు ఆ రెండు నెలలూ కాలువల్లోకే వచ్చి పడతారు. ఇక్కడ వేట ఎక్కువయ్యేది అప్పుడే. ఆ రోజుల్లో కాలువ కూడా మూస్తే మనుషులు ఏం తింటారు?

ఫిషరీస్ అక్క – మంగళవారం రాత్రి 8:20

బాబాయ్ చెప్పింది నిజం. అందుకే నెలలు మూయడం కంటే చోటు మూయడం తేలికేమో చూడండి. లోపల గుడ్డున్న ఆడ పీతలు మొగ దాటే సముద్రానికి పోవాలి. ఏ నెలల్లో మొగ దగ్గర అవి ఎక్కువ తగులుతాయో మీ నాన్నగారి వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో మొగకి ఇటు కొంత, అటు కొంత బోను వేయకుండా దారి వదిలితే చాలు. పైన కాలువల్లో వేట మామూలే. ఖరీదైన పీత చేతికొచ్చాక వదలమని అడగాల్సిన అవసరం కూడా ఉండదు.

పాత తెడ్డు – మంగళవారం రాత్రి 8:55

మొగ దగ్గర వేసేది వీళ్ళ ఊరివాళ్ళు ఒక్కరే కాదమ్మా, మూడూళ్ళ పడవలు ఉంటాయి. నువ్వు చెప్పింది బాగుంది, కానీ వచ్చే అష్టమికి అయ్యే పని కాదు. మూడూళ్ళ పెద్దలు కూర్చోవాలి.

ఫిషరీస్ అక్క – మంగళవారం రాత్రి 9:12

ఒప్పుకుంటాను. అప్పటిదాకా ఒక నోటు పుస్తకం పెట్టండి తమ్ముడూ. ఏ కాలువ, ఎన్ని బోనులు, ఎన్ని గంటలు నీళ్ళలో ఉన్నాయి, ఎన్ని పీతలు, అందులో కోసు రేకు ఆడవి ఎన్ని, వాటర్ పీతలు ఎన్ని. ఊరంతా రాయక్కర్లేదు, నాలుగైదు పడవలు నిజాయితీగా రాస్తే చాలు. పడవకి ఇంత పడింది అని రాస్తే ఉపయోగం లేదు, బోనులు మూడింతలు అయ్యాయి కదా, బోనుకి ఎంత అనేది చూడాలి. రేపు మూడూళ్ళ మధ్య మాటొస్తే, ఫిషరీస్ ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలన్నా, ఆ పుస్తకమే మాట్లాడుతుంది.

మడకుర్రోడు – బుధవారం రాత్రి 9:40

చిన్నాన్న అవతలి ఇళ్ళకి వెళ్ళొచ్చారు, ఇద్దరు వస్తామన్నారు. మా వరకు అనుకున్నది ఇది. బోనుకి ఎదురెదురుగా రెండు కిటికీలు, బోను మీద పడవ పేరు. ఈ వరదలకి ముందే ఒక రోజు అందరూ కలిసి కాలువల్లో పాత బోనులు ఏరాలి. కోసు రేకు ఆడ పీత మా ఊరి రెండు కాంటాల్లోనూ తూయకూడదు. చేత్తో పట్టేవాళ్ళ పెద్ద పీతకి పడవ పీతతో సమానంగా రేటు ఇవ్వాలని కూడా అడుగుతాం. బోనులు తగ్గించే మాట ఇప్పుడు ఎత్తితే మీటింగు అక్కడే ఆగిపోతుంది, కిటికీ బోనుల తూకం చూశాక ఎత్తుతాం.

పోయిన బోను తెరుచుకునేలా ఏదైనా ఉందా అని అన్నయ్య అడుగుతున్నాడు. ప్రతి బోనూ దొరకదు కదా.

బ్రిస్బేన్ బావ – గురువారం ఉదయం 5:30

ఉంది. అమెరికా పసిఫిక్ తీరంలో డంజినెస్ పీతల బోనులకి పుచ్చిపోయే పత్తి దారం వాడతారు. బోను మూతనో ఒక పక్క వలనో ఆ దారంతో కడతారు. బోను పోతే దారం పుచ్చి పక్క తెరుచుకుంటుంది, పీత బయటికి పోతుంది.

పాత తెడ్డు – గురువారం ఉదయం 6:45

మన ఉప్పు నీళ్ళలో, ఈ ఎండలో ఏ దారం ఎన్నాళ్ళు ఉంటుందో అక్కడి లెక్క పనికిరాదు. పత్తి దారం, గోనె పురికొస, రెండు మూడు లావుల్లో తీసుకుని రేవులో గుంజకి కట్టేసి, చివర రాయి వేలాడదీసి వదిలెయ్. ఏది ఎప్పుడు తెగిందో రాసుకో. నెల లోపు తెగేది వద్దు, మాటిమాటికీ కట్టుకోలేరు. నాలుగు నెలలైనా తెగనిదీ వద్దు. కొబ్బరి తాడు జోలికి పోకు, అది ఉప్పు నీళ్ళలో తొందరగా పుచ్చదు.

కాంటా మనిషి – గురువారం ఉదయం 8:10

కోసు రేకు నియమానికి నేను సిద్ధం. పక్క కాంటా వాడూ అదే రోజు అందరి ముందు ఒప్పుకోవాలి. ఒకరు ఆగి ఒకరు కొంటే నేను రెండో రోజే మళ్ళీ మొదలెడతాను, ముందే చెప్తున్నా. అడ్వాన్సు ఉన్న పడవలకి బాకీ తీర్చడానికి ఇంకో రెండు నెలలు గడువిస్తాను, అంతకుమించి నా వల్ల కాదు. యానాంలో నాకు తెలిసిన ఇద్దరున్నారు, వాళ్ళని మీటింగుకి తీసుకొస్తాను. రోడ్డు మీద కాంటా ఆయన్ని మీరు పిలవండి, నేను పిలిస్తే రాడు.

మడకుర్రోడు – గురువారం ఉదయం 8:25

నాన్నని పంపిస్తాను అన్నా, ఆయన మాట కాదనడు. పురికొసలు ఈ రోజే కట్టేస్తున్నా బాబాయ్, రాళ్ళు దొరికాయి.